నాలుగు కేజీల బాబు... దిష్టి తీస్తే సరిపోతుందా?

వాట్సాప్ స్టేటస్‌లో బాబు ఫొటో. కింద ‘4.1 కేజీలు!’ అని క్యాప్షన్. ఇక లైకులే లైకులు. అమ్మమ్మ మాత్రం దిష్టి తగులుతుంది, ముందు ఆ ఫొటో తీసెయ్యమంటుంది. మన దగ్గర పుట్టే పిల్లల సగటు బరువు 3 కేజీల లోపే కాబట్టి 4 దాటితే గొప్పగానే ఉంటుంది. డాక్టర్ మాత్రం వేరే ప్రశ్న అడుగుతారు: ‘అమ్మకి షుగర్ ఉందా?’

ఎందుకంటే, తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకి చేరుతుంది. ఆమె ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడే చక్కెరను సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఓవర్‌టైమ్ చేసి ఇన్సులిన్ తయారు చేస్తుంది. అది కడుపులో ఉన్న బిడ్డను పెంచే హార్మోన్ కూడా. దాంతో కొవ్వు పేరుకుంటుంది. బొడ్డుతాడు కోశాక చక్కెర రావడం ఆగిపోతుంది, ఇన్సులిన్ ఆగదు. అందుకే అలాంటి పిల్లలకి పుట్టిన గంటల్లోనే షుగర్ పడిపోయే ప్రమాదం. నర్సు వచ్చి మడమ దగ్గర సూదితో గుచ్చేది అది చూడ్డానికే. కంగారు పడకండి.

అసలు సంగతి తర్వాత ఉంది. 2005లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 6 నుంచి 11 ఏళ్ల పిల్లల్ని చూశారు. తల్లికి గర్భంలో షుగర్ ఉండి, తాము ఎక్కువ బరువుతో పుట్టినవాళ్లలో ఊబకాయం, బీపీ, కొలెస్ట్రాల్ తేడాలు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం లాంటివి కలిసి కనిపించడం ఎక్కువ. పెద్దయ్యాక గుండెజబ్బుకీ, డయాబెటిస్‌కీ దారితీసేవి ఇవే.

అలాగని 3 కేజీల లోపు పుడితే సేఫ్ అనుకోవద్దు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూసిన మన పిల్లలు బరువు తక్కువే, ఒంట్లో కొవ్వు పాళ్లు మాత్రం ఎక్కువ! తూకం ఒక్కటే చూస్తే మోసపోతాం.

అమ్మానాన్నలు ఇద్దరూ భారీ మనుషులైతే బిడ్డ 4 కేజీలుండటం మామూలే కావచ్చు. షుగర్ కారణమైతే తల్లిపాలు పట్టడం, బరువుతో పాటు ఎత్తు కూడా చార్టులో రాయించడం, బొద్దుగా ఉన్నాడని ముచ్చటపడి బిస్కెట్లూ జ్యూసులూ అలవాటు చేయకపోవడం... ఇవి మన చేతిలో ఉన్నవి.

గర్భిణులకి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి 2 గంటల తర్వాత చేసే టెస్టు ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఉంది. 140, ఆపైన వస్తే జాగ్రత్తపడాలి. కాన్పయ్యాక 6 వారాలకి తల్లికి మళ్లీ చేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే! బాబుకి టీకా పడేదీ ఆరో వారమే కాబట్టి ఒకే ఆటోలో రెండు పనులూ అయిపోతాయి.