పిలవని పేరంటాళ్లు

సాయంత్రం ఆరయిందంటే చాలు... ఇంట్లో హడావుడి మొదలు. 'కిటికీలు వేశావా? వెనక తలుపు చూశావా? దోమలొచ్చేస్తాయ్' అంటూ నాయనమ్మ కేకలు, పిల్లల పరుగులు. అన్నీ బిగించి, అమ్మయ్య అనుకుంటూ టీవీ ముందు కూర్చుంటే... చెవి దగ్గర 'జుయ్‌'మంటూ సంగీతం!

తలుపులన్నీ వేసినా ఎలా వచ్చినట్టు? చాలాసార్లు అది బయటి నుంచి రాలేదు. మన ఇంట్లోనే పుట్టింది!

ఎగిరే పురుగేదీ ఊరికే ఇంటికి రాదు. ఒకటి నీళ్ల కోసం వస్తుంది, ఇంకొకటి వాసన పట్టి వస్తుంది, మరొకటి దీపం దగ్గర చిక్కుకుంటుంది. దేనికేం కావాలో తెలిస్తే సగం తలుపు వేసేసినట్టే.

పట్టపగలే దొంగతనం

దోమల్లో కుట్టేవి ఆడవే. అయితే అన్నిటి వేళలూ ఒకటి కావు. మురుగునీటిలో పెరిగి బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌, మలేరియాను మోసుకొచ్చే అనాఫిలిస్‌... రెండూ రాత్రి సంచారులే. మలేరియాకూ దోమకూ ఉన్న ఈ చుట్టరికం బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రొనాల్డ్‌ రాస్‌కు 1902లో నోబెల్‌ బహుమతి వచ్చింది. ఏటా ఆ రోజునే ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు.

డెంగీ, చికున్‌గన్యాలను తెచ్చే ఏడిస్‌ తీరు వేరు. నల్లటి ఒంటిమీద, కాళ్లమీద తెల్లమచ్చలతో ఉండే ఈ దోమ పగటిపూటే కుడుతుంది. పొద్దున్నే పిల్లల్ని బడికి తయారుచేసే వేళ, సాయంత్రం చీకటి పడకముందు మరీ ఎక్కువ. అంటే ఆరింటికి మనం కిటికీలు మూసేసరికే దాని పని చాలావరకు అయిపోతుందన్నమాట. ఆ తర్వాత మంచం కిందో, తగిలించిన బట్టల చాటునో తీరిగ్గా కూర్చుంటుంది.

పైగా దీనికి మురుగు అక్కర్లేదు, శుభ్రమైన నీళ్లే ముద్దు. కూలర్‌, ఫ్రిజ్‌ వెనకాల ట్రే, మనీప్లాంట్‌ సీసా, పూలకుండీ కింది పళ్లెం, డాబామీద పడేసిన టైరు, పెరట్లో కొబ్బరిచిప్ప... గుక్కెడు నీళ్లు నిలిస్తే చాలు. గుడ్డు దోమ కావడానికి పట్టేది వారం, పది రోజులే. వారానికోసారి 'డ్రై డే' పాటించమనేది అందుకే. అయితే నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర గోడలకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకని లోపల పీచుతో గట్టిగా తోమి ఆరబెట్టాలి. నీళ్ల ట్యాంకుకు, డ్రమ్ములకు సందులేని మూత ఉండాలి.

జాలీలో ఉంది జాగ్రత్త

కిటికీ జాలీ కన్ను 1.2 మిల్లీమీటర్లకు మించకపోతే దోమ దూరలేదు. కానీ జాలీ కొట్టించి నిశ్చింతగా ఉంటే కుదరదు. మూల ఊడిన వెల్క్రో, తలుపు కింద వేలెడు సందు, బాత్‌రూమ్‌ వెంటిలేటర్‌... దోమలకు ఇవే రాజమార్గాలు. తలుపు అడుగున రబ్బరు పట్టీ వేయించుకోవాలి. సెప్టిక్‌ ట్యాంకు గాలిగొట్టానికి సన్నని జాలీ కట్టాలి. పగలు నిద్రపోయే పసిపాపలకు దోమతెర తప్పనిసరి.

ఫ్యాన్‌ కూడా మంచి కాపలాదారే! దోమ బలంగా ఎగరలేదు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పసిగట్టి వచ్చే దానికి, ఆ గాలికి మన జాడా సరిగా అందదు.

దీపం దగ్గర చిక్కుముడి

తొలకరి చినుకులు పడ్డ సాయంత్రం ఉసిళ్ల దండు దిగుతుంది. ఇవి రెక్కలొచ్చిన చెదపురుగులే. కొత్త కాపురం పెట్టడానికి బయల్దేరి దారితప్పి దీపం చుట్టూ తిరుగుతాయి. పురుగులు వెలుగును ప్రేమిస్తాయని ఇన్నాళ్లూ అనుకున్నాం. 2024లో వెలువడిన ఓ పరిశోధన వేరే సంగతి చెప్పింది. ఎగిరేటప్పుడు పురుగులు వీపును వెలుగువైపు తిప్పుకుంటాయి. ఆకాశం పైనుంటే దారి సరిగ్గా ఉంటుంది. దీపం పక్కనుంటే మాత్రం దాని చుట్టూనే గిరగిరా తిరుగుతూ ఇరుక్కుపోతాయట.

కాబట్టి ఆ కాసేపూ వరండా లైటు ఆపేయడమే ఉపాయం. లేదంటే తెల్లలైటుకు బదులు పసుపురంగు బల్బు పెట్టుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: ఉసిళ్లు ఇంటి గోడలోంచో, గుమ్మంలోంచో వస్తుంటే చెదపుట్ట ఇంట్లోనే ఉన్నట్టు. వెంటనే చూపించుకోవాలి.

వాసనే దారి

ఈగకు దారి చూపేది వాసన. చెత్తబుట్ట మీద మూత లేకపోతే అదే ఆహ్వానపత్రిక. ఎండాకాలంలో ఈగ గుడ్డు కూడా వారం, పది రోజుల్లో ఈగైపోతుంది. కాబట్టి తడిచెత్తను ఏ రోజుకారోజు బయటికి పంపాలి. మిగల పండిన అరటిపళ్లను, కోసిన మామిడిపండును ఫ్రిజ్‌లో పెడితే బుల్లి పండు ఈగల బెడదా తగ్గుతుంది.

పొగ... కరెంటు... కీచు

వీటన్నిటికంటే ఓ కాయిల్‌ ముట్టించడం తేలికే. కానీ ఒక కాయిల్‌ మొత్తం కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఓ అధ్యయనం తేల్చింది. మూసిన గదిలో పసివాళ్ల పక్కన పెట్టేది దాన్నే! నీలికాంతితో పురుగుల్ని మాడ్చే యంత్రాలదీ అంతే సంగతి. అమెరికాలోని డెలావేర్‌లో ఇళ్ల పెరళ్లలో వాటిని పెట్టి చూస్తే, చచ్చిన 13,789 పురుగుల్లో కుట్టే రకం 31 మాత్రమే! 1996నాటి లెక్క ఇది. ఇక కీచుశబ్దంతో దోమల్ని తరిమేస్తామనే పరికరాల మీద జరిగిన పరీక్షలను 2007లో నిపుణులు సమీక్షిస్తే, వాటివల్ల దోమకాటు తగ్గిన దాఖలా కనిపించలేదు.

జ్వరం వచ్చాక ఆసుపత్రి వరండాలో ప్లేట్‌లెట్ల లెక్క కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూసే బదులు, వారానికి ఓ అరగంట కేటాయిస్తే మేలు కదూ! నాయనమ్మ చెప్పినట్టు సాయంత్రం కిటికీలు వేయండి. దాంతోపాటు ఆదివారం పొద్దున్నే చేతిలో పీచు పట్టుకుని ఓసారి డాబా కూడా ఎక్కండి. పిలవని పేరంటాళ్ల పుట్టిల్లు అక్కడే ఉండొచ్చు!