మీకు తెలుసా? నిప్పు నోట్లో, చుట్ట బయట

ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను తిప్పి, వెలిగే కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దీన్ని ‘అడ్డపొగ’ అంటారు. కాల్చేవారిలో ఆడవాళ్లే ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించిన అధ్యయనం 1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో అచ్చయింది. డెన్మార్క్ నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయి దంతవైద్యుడు మెహతా అందులో ప్రధానులు.

మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలో, నాలుకకో వస్తుంది. గట్టి అంగిలికి రావడం అరుదు. అడ్డపొగ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. సెగంతా పైకే కదా! అంగిలి తెల్లగా మందమై, లాలాజల గ్రంథుల రంధ్రాల దగ్గర ఎర్రటి చుక్కలు తేలతాయి. అక్కడక్కడా రంగు వెలిసిపోతుంది. తల వెనక్కి వాల్పించి, టార్చి వేసి చూస్తేగాని ఇవి కనబడవు.