ఆట వీడియోల ఎడిటింగ్: మన పిల్లలు నేర్చుకుంటున్న పని

మన కంప్యూటర్ కేంద్రానికి వచ్చిన దాతలు కొందరు, తెర మీద తుపాకుల ఆట కనబడగానే "మా చందాలు ఇందుకేనా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అక్కడ పిల్లలు ఆడటం లేదు. వేరెవరో ఆడిన ఆటను, డబ్బు తీసుకుని కత్తిరించి కూరుస్తున్నారు. దీన్ని మాంటేజ్ అంటారు.

బీజీఎంఐ, వాలరెంట్ లాంటి ఆటలు బాగా ఆడేవాళ్లు తమ యూట్యూబ్ ఛానెల్ కోసమో, ఏదైనా జట్టుకు చూపించుకోవడానికో ఇలాంటి వీడియో చేయిస్తారు. గంటల కొద్దీ రికార్డింగ్ పంపుతారు. అందులోంచి రెండు మూడు నిమిషాలు తీయాలి. సగం పని ఓపికగా చూడటమే. కొత్తగా చేరిన పిల్లలు గురి తగిలిన క్షణాలన్నీ వరసగా అతికిస్తారు. అది ఎంత చూసినా రుచించదు. క్రికెట్ హైలైట్స్‌లో ఇంకా ఎన్ని పరుగులు కావాలో చెప్పకుండా సిక్సర్లే చూపిస్తే ఏముంటుంది? ఆటగాడు ఒంటరిగా మిగిలాడని, ప్రాణం కొద్దిగానే ఉందని, పక్క గదిలో అడుగుల చప్పుడు వినిపిస్తోందని ముందు రెండు మూడు సెకన్లు తెలియాలి. అప్పుడే ఆ గెలుపుకు విలువ. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడమే మేము నేర్పే అసలు పాఠం. సాఫ్ట్‌వేర్ వారం పది రోజుల్లో చేతికి వస్తుంది.

లెక్కలూ ఉన్నాయి. సెకనుకు 60 ఫ్రేములతో రికార్డు చేసిన ఆటను 30 ఫ్రేముల వీడియోలో సగం వేగానికి తగ్గిస్తే కదలిక సాఫీగా ఉంటుంది. 30తోనే రికార్డు చేసి ఉంటే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు వచ్చి బొమ్మ కుదుపుతుంది. అందుకే పని ఒప్పుకోకముందే ఈ విషయం అడగమంటాం.

మాంటేజ్ సాధారణంగా పాట దరువుకు కత్తిరిస్తారు. సినిమా పాట వాడితే యూట్యూబ్ దాన్ని గుర్తుపడుతుంది. ఆదాయం పాట హక్కుదారుకు పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. సంగీతం వద్దనుకునే కుటుంబాల పిల్లలు అడుగుల చప్పుడు, తూటాలు నింపే శబ్దం, పేలుడు, వీటితోనే దరువు కడుతున్నారు. ఇది కష్టం. కానీ వాళ్ల చెవి బాగా పదునెక్కిందని మా అభిప్రాయం.

గొడవలు వచ్చేది మాత్రం డబ్బు దగ్గరే. "ఇంకొంచెం మార్చు తమ్ముడూ" అనే మాటకు అంతుండదు. ఏడుసార్లు మార్పించుకుని డబ్బు ఇవ్వని క్లయింటు మా విద్యార్థి ఒకరికి తగిలాడు. నిడివి ఎంత, వీడియో అడ్డమా నిలువా, మార్పులు ఎన్నిసార్లు, అడ్వాన్సు ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి, ఇవన్నీ ఇప్పుడు వాట్సాప్‌లోనైనా ముందే రాయించుకుంటున్నారు. గడువు పెట్టుకున్న అప్పును రాసిపెట్టుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయత్ చెబుతుంది కదా, పిల్లలకు అదే గుర్తుచేస్తాం. క్లయింటు పంపిన రికార్డింగ్ కూడా అమానతే. అడగకుండా మరొకరికి చూపకూడదు, పని ముగిసేదాకా చెరపకూడదు.

డబ్బు పెట్టి ఆడే ఆటల పని, బెట్టింగ్ యాప్ పేరు కనిపించే పని తీసుకోనివ్వం. 2025లో పార్లమెంటు చేసిన చట్టం అలాంటి ఆటలను, వాటి ప్రకటనలను నిషేధించింది. మనకైతే జూదం ఎప్పుడూ హరామే.

ఆటల మీదే ఆధారపడటమూ మంచిది కాదు. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించారు. బీజీఎంఐ 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. అందుకని ఇదే చేతిపనితో వలీమా వీడియోలు, మదర్సా వార్షికోత్సవాలు, దుకాణాల ప్రకటనలు కూడా చేయిస్తున్నాం. మధ్యలో అజాన్ వినబడితే కంప్యూటర్లు ఆపించడం వేరే సంగతి, దానికి మాకు రోజూ గొంతు పోతోంది!

ఇక ఖర్చు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత ప్రతితో పని జరిగిపోతోంది. ఇబ్బంది నిల్వ స్థలంతోనే. సెకనుకు 50 మెగాబిట్ల రికార్డింగ్ ఒక గంటకు 22.5 గిగాబైట్లు ఆక్రమిస్తుంది. ఈ శిక్షణకు జకాత్ సొమ్ము వాడటం లేదు, సాధారణ చందాల నుంచే నడుస్తోంది. ఈ ఏడాది మాకు కావలసినవి బయట తగిలించుకునే హార్డ్ డిస్కులు, మంచి హెడ్‌ఫోన్లు. వాడినవైనా పరవాలేదు, పనిచేస్తే చాలు.