వేగంగా ఛార్జి చేస్తే బ్యాటరీ ఆయువు తగ్గుతుందా?

మంచిర్యాల ప్రాంతపు బొగ్గుగనుల కార్మికులకు బ్యాటరీ కొత్త వస్తువు కాదు. ఎన్నో ఏళ్లపాటు గనిలోకి దిగే కార్మికుడు టోపీకి దీపాన్నీ, నడుముకు దాని బ్యాటరీనీ తగిలించుకొని వెళ్లేవాడు. షిఫ్టు ముగియగానే దీపాన్ని లాంపు రూములో అప్పగించేవాడు. అక్కడ ఆ బ్యాటరీ గంటల తరబడి నెమ్మదిగా ఛార్జి అయి, మళ్లీ పనికి సిద్ధమయ్యేది.

విద్యుత్తుతో నడిచే కారుకు ఎల్లప్పుడూ అంత తీరిక దొరకదు. హైదరాబాదు నుండి మంచిర్యాలకు సుమారు 250 కిలోమీటర్లు. అద్దెకారు నడిపేవాడు దారిలో ఒకచోట ఆగి, టీ తాగేలోగా బ్యాటరీ నిండాలని కోరుకుంటాడు. అందుకే వేగ ఛార్జర్లు వచ్చాయి. కారు మొత్తంలో చాలా ఖరీదైన భాగం బ్యాటరీయే. తొందరపడి నింపినందువల్ల అది త్వరగా చెడిపోతే, దారిలో మిగిలిన కాలం కంటె చేతి నుండి పోయే డబ్బే ఎక్కువవుతుంది. కనుక ఈ ప్రశ్నకు శాస్త్రం ఏమి చెబుతుందో తెలుసుకోవడం అవసరం.

నేటి కార్లలో సాధారణంగా ఉండేది లిథియం-అయాన్ బ్యాటరీ. దీని అభివృద్ధికి కృషి చేసిన గుడ్‌ఎనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ బ్యాటరీలో ఋణధ్రువం ప్రధానంగా గ్రాఫైటు. గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటుంది. ఛార్జి చేసినప్పుడు లిథియం అయానులు ధనధ్రువం నుండి బయలుదేరి, ద్రవం గుండా ప్రయాణించి, ఈ పొరల మధ్య చేరుతాయి. కారు నడిచేటప్పుడు అవే అయానులు వెనుకకు మరలుతాయి.

ఛార్జింగు వేగాన్ని కొలవడం సులభం. ఛార్జరు సామర్థ్యాన్ని బ్యాటరీ ధారణశక్తితో భాగించాలి. 40 కిలోవాట్-గంటల బ్యాటరీని ఇంటిలోని 4 కిలోవాట్ల ఛార్జరుతో నింపడానికి సుమారు 10 గంటలు కావాలి. 40 కిలోవాట్ల వేగ ఛార్జరు అదే వేగాన్ని చివరిదాకా నిలుపగలిగితే గంట చాలు. అంటే బ్యాటరీలోకి వెళ్లే విద్యుత్ప్రవాహం సుమారు 10 రెట్లు పెరిగిందన్నమాట.

దీనివల్ల మొదట కలిగేది వేడి. ఏ వాహకంలోనైనా పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలుసు. ప్రవాహం 10 రెట్లయితే, నిరోధం మారనప్పుడు, ప్రతి సెకనుకూ పుట్టే వేడి 100 రెట్లవుతుంది. ఛార్జింగు కాలం పదవ వంతుకు తగ్గుతుంది కనుక మొత్తం వేడి 10 రెట్లు. పైగా అది బయటకు పోవడానికి వ్యవధి కూడా తక్కువ.

గ్రాఫైటు మీద ఒక పలుచని రక్షకపు పొర ఉంటుంది. వేడి ఎక్కువైనకొద్దీ ఈ పొర మందమెక్కుతుంది. అందులో చిక్కుకొన్న లిథియం మళ్లీ పనికి రాదు. బ్యాటరీ ధారణశక్తి ఆ మేరకు తగ్గుతుంది.

రెండవ ప్రమాదం వేరు. అయానులు గ్రాఫైటు పొరలలోకి దూరగలిగే వేగం కంటె ఎక్కువ వేగంతో వచ్చిపడితే, అవి ఉపరితలం మీదనే లోహపు లిథియంగా పేరుకుంటాయి. వాకిలి ఇరుకైనప్పుడు జనం బయట గుమిగూడినట్లే ఇది జరుగుతుంది. చలిలో అయానుల కదలిక మందగిస్తుంది కనుక అప్పుడు ఈ ప్రమాదం హెచ్చు. బ్యాటరీ నిండేకొద్దీ గ్రాఫైటులో ఖాళీలు తగ్గిపోతాయి. అందుచేతనే సుమారు 80 శాతం నిండిన తరువాత కారులోని నియంత్రణ యంత్రాంగం ఛార్జింగు వేగాన్ని బాగా తగ్గిస్తుంది.

మంచిర్యాలలో మే నెల ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాటడం అరుదు కాదు. అటువంటి వాతావరణంలో ఏమి జరుగుతుందో తెలిపే పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది. ఐడహో జాతీయ ప్రయోగశాలవారు 2012 నాటి నిస్సాన్ లీఫ్ కార్లు నాలుగింటిని మిక్కిలి వేడిగా ఉండే ఫీనిక్స్ నగరంలో 50,000 మైళ్లు నడిపించారు. రెండింటిని మామూలు ఛార్జరుతోను, రెండింటిని వేగ ఛార్జరుతోను నింపారు. నాలుగు కార్లూ తమ ధారణశక్తిలో ఐదవ వంతుకు మించి కోల్పోయాయి. వేగ ఛార్జింగు కార్లకు కలిగిన అదనపు నష్టం కొద్ది శాతం మాత్రమే. ఆ కార్ల బ్యాటరీలను చల్లబరచడానికి ద్రవ ఏర్పాటు లేదు. ఛార్జింగు వేగం కంటె అక్కడి ఎండే వాటిని ఎక్కువగా దెబ్బతీసింది.

తరువాత వచ్చిన అనేక కార్లలో బ్యాటరీ చుట్టూ చల్లని ద్రవం ప్రవహిస్తుంది. 2023లో రికరెంట్ అనే అమెరికా సంస్థ 12,500కు పైగా టెస్లా కార్ల సమాచారాన్ని పరిశీలించింది. తరచుగా వేగ ఛార్జింగు చేసినవాటికీ, అరుదుగా చేసినవాటికీ మధ్య చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. అంతమాత్రాన వేగ ఛార్జింగు నిరపాయమని తేలినట్లు కాదు. బ్యాటరీ వేడెక్కినప్పుడు వేగాన్ని తగ్గించే యంత్రాంగం సరిగా పనిచేసినంతకాలం నష్టం స్వల్పమని మాత్రమే అర్థం.

కనుక ఉత్తర తెలంగాణలో విద్యుత్కారు నడిపేవారు కొన్ని జాగ్రత్తలు పాటించడం మంచిది. ప్రతిదినం అవసరమైన ఛార్జింగును రాత్రి ఇంటివద్దనే నెమ్మదిగా చేసుకోవాలి. దూరప్రయాణాలలో వేగ ఛార్జరును వాడి, 80 శాతం వద్ద ఆపితే కాలమూ కలిసివస్తుంది, బ్యాటరీకీ మేలు. వేసవిలో నీడపట్టున ఛార్జి చేయాలి. నిండా నింపిన కారును ఎండలో గంటల తరబడి వదలరాదు. శీతకాలపు ఉదయాలలో కొంతదూరం నడిపి, బ్యాటరీ కొంత వెచ్చబడిన తరువాతనే వేగ ఛార్జరుకు తగిలించాలి.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో మంచి లెక్కగా ఇవ్వవచ్చు. ఛార్జరు మీద రాసి ఉన్న కిలోవాట్లను, కారు బ్యాటరీ కిలోవాట్-గంటలను విద్యార్థులచేత చదివించి, ఛార్జింగుకు పట్టే కాలాన్ని కట్టించాలి. ఆ తరువాత కారు నిజంగా తీసుకొన్న కాలంతో పోల్చి చూపితే, 80 శాతం దాటిన తరువాత ఛార్జింగు ఎందుకు నెమ్మదిస్తుందో వారికి సులభంగా బోధపడుతుంది.