పొరుగు చేను చెప్పే పాఠం

పడమటి ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం ఉన్నది. ఆ దేశంలో ఉత్తరానికి పోయినకొద్దీ సహారా ఎడారి దగ్గరవుతుంది, వానలు తగ్గుతాయి. అక్కడి యాతెంగా ప్రాంతంలో, గుర్గా అనే ఊళ్లో, యాకుబా సవడోగో అనే రైతు ఉండేవాడు. 1980 ప్రాంతంలో అక్కడ పెద్ద కరువు వచ్చింది. నేల రాయిలా గట్టిపడిపోయింది. ఎప్పుడన్నా వాన పడినా ఆ నీరు లోపలికి ఇంకక పైపైనే జారిపోయేది. ఎంతోమంది ఊళ్లు వదిలి వలసపోయారు.

యాకుబా పోలేదు. గట్టి నేలలో చిన్న చిన్న గుంటలు తవ్వి, వాటిలో విత్తే పద్ధతి ఒకటి ఆ ప్రాంతపు పెద్దలకు వెనకటినుంచీ తెలుసు. దాన్ని వాళ్ల భాషలో ‘జాయ్’ అంటారు. యాకుబా ఆ గుంటలను ఇంకాస్త వెడల్పుగా, ఇంకాస్త లోతుగా తవ్వాడు. వాటిలో పశువుల ఎరువూ, ఆకూ అలమూ వేశాడు. ఆ ఎరువుకోసం చెదపురుగులు వచ్చాయి. మనకు చెదపురుగులంటే పుస్తకాలు కొరికే శత్రువులు. యాకుబాకు మాత్రం అవి కూలి అడగని పనివాళ్లు! అవి నేలలో సన్నని సొరంగాలు తవ్వాయి. వాననీరు ఆ దారుల వెంట లోపలికి దిగి నిలిచింది. బీడు నేలలో పైరు మొలిచింది.

వానలు రాకముందే, మండుటెండలో గుంటలు తవ్వుతున్న యాకుబాను చూసి ఊరివాళ్లు పిచ్చివాడన్నారు. పంట చేతికి వచ్చిన తరువాత ఆ ఊరివాళ్లే చేను చూడవచ్చారు. 1984 నుంచి యాకుబా ఏటా రెండుసార్లు తన పొలం దగ్గర సంత లాంటిది జరిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ తమ విత్తనాలు తెచ్చి మార్చుకునేవారు, గుంటల సేద్యంలో ఎవరికి ఏమి కలిసివచ్చిందో చెప్పుకునేవారు. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు అనే అంతర్జాతీయ బహుమానం వచ్చింది. 2023 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. ఆయన గుంటలు మాత్రం ఊళ్లు దాటి వెళ్లాయి.

పిల్లలూ, ఇప్పుడొక ప్రశ్న. ఇంత మంచి పద్ధతి కళ్ల ఎదుట ఉంటే రైతులందరూ మరునాడే గుంటలు తవ్వడం మొదలుపెట్టాలి కదా? అలా ఎందుకు జరగదు?

రైతులకు చదువు లేదు గనక, పాత ఆచారాలు వదలరు గనక అని కొందరు తొందరపడి జవాబు చెబుతారు. అది సరైన జవాబు కాదు. రెండెకరాల రైతు సంగతి ఆలోచించండి. ఆ రెండెకరాల పంటే ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ తిండి. కొత్త విత్తనం బాగా పండితే పది బస్తాలు ఎక్కువ వస్తాయి, మంచిదే. పండకపోతే? పరీక్ష తప్పిన పిల్లవాడు మళ్లీ రాయవచ్చు. పంట తప్పిన ఇంట్లో ఆ ఏడు పిల్లల అన్నానికే లోటు వస్తుంది, అప్పు చెయ్యవలసి వస్తుంది. అందుచేత రైతు ఆగుతాడు. ఆగి పక్క చేను చూస్తాడు. అది సోమరితనం కాదు, లెక్క.

ఆ లెక్కను మొదట శ్రద్ధగా పరిశీలించినవాళ్లలో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు ఉన్నారు. వాళ్లు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 259 మంది రైతులను కలుసుకుని, మొక్కజొన్న సంకర విత్తనం గురించి అడిగారు. ఆ విత్తనం అక్కడికి 1928లో వచ్చింది. మొదటి అయిదేళ్లలో దాన్ని వేసినవాళ్లు పదిమందిలో ఒకరే. ఆ తరువాత మూడేళ్లలో పదింట నలుగురయ్యారు. 1941 నాటికి వెయ్యనివాళ్లు ఇద్దరే మిగిలారు! వేసినవాళ్లు కూడా మొదట పొలంలో ఒక మూల కొంచెం వేసి చూసి, మరుసటి ఏడు పెంచారు. విత్తనం గురించిన వార్త మోసుకువచ్చింది అమ్మకందార్లు. నమ్మకం కలిగించింది మాత్రం పొరుగు రైతులు.

బడిలో బొంగరాల ఆట ఎలా వస్తుందో మీకు తెలుసు. ముందు ఒకరిద్దరు బొంగరం తెస్తారు, తక్కినవాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. ఉన్నట్టుండి ఒక వారంలో సగం బడి చేతిలో బొంగరాలుంటాయి. చివరికి ఎవరో ఇద్దరు ముగ్గురు మిగులుతారు. కొత్త విత్తనం నడక కూడా ఇంతే. అదే అయోవా రాష్ట్రంలో పుట్టిన ఎవరెట్ రోజర్స్ అనే ఆయన ఈ నడకను గురించి 1962లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆయన తండ్రి కూడా రైతే. కొత్త యంత్రాలంటే ఇష్టమున్నా, సంకర విత్తనాన్ని మాత్రం ఆయన చాలా ఏళ్లు నమ్మలేదు. 1936లో కరువు వచ్చి ఆయన పైరు వాడిపోయింది. పొరుగువాడి సంకర పైరు నిటారుగా నిలిచింది. అప్పుడు నమ్మాడు.

‘పొరుగువాణ్ణి చూసి నేర్చుకుంటారు’ అనడం తేలిక. దాన్ని రుజువు చెయ్యడం కష్టం. ఎందుకో చెబుతాను. తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే లెక్కకు ఒకే జవాబు రాశారనుకోండి. ఒకడు ఇంకొకడిది చూసి రాశాడా? లేక ఇద్దరికీ ఒకే మాస్టారు ఒకే పద్ధతి నేర్పినందువల్ల అలా వచ్చిందా? జవాబు ఒక్కటే చూసి ఏ ఉపాధ్యాయుడూ తేల్చలేడు. అలాగే ఇద్దరు ఇరుగుపొరుగు రైతులు ఒకే సంవత్సరం ఎరువు పెంచితే, ఒకరిని చూసి ఒకరు పెంచారని చెప్పలేము. వాళ్ల నేల ఒకటే, వాళ్ల మీద పడిన వానా ఒకటే.

తిమోతీ కాన్లీ, క్రిస్టఫర్ ఉడ్రీ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు ఈ చిక్కు విప్పడానికి ఘనా దేశం వెళ్లారు. అక్కడ దక్షిణ అక్వపిమ్ అనే ప్రాంతపు రైతులు అంతవరకు మొక్కజొన్న, కర్రపెండలం పండించేవారు. 1990 తరువాత ఐరోపాకు ఎగుమతి చెయ్యడానికి కొత్తగా అనాస వెయ్యసాగారు. అనాసకు ఎరువు ఎంత వెయ్యాలో వాళ్లకు అనుభవం లేదు. పరిశోధకులు 1996 నుంచి 1998 వరకు, సుమారు ఆరు వారాలకొకసారి, ఆ రైతులను ఓపికగా ప్రశ్నలడిగించారు. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న చాలా చిన్నది. ఊళ్లోని కొందరి పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ‘సేద్యం సంగతి ఎప్పుడన్నా ఇతన్ని అడిగావా?’ అన్నారు. దానితో ఎవరి మాట ఎవరికి చేరుతుందో తెలిసిపోయింది. పక్క చేనివాడైనా అతనితో మాట్లాడని రైతులున్నారు, దూరపు చేనివాడైనా అతన్నే అడిగే రైతులున్నారు. చూసి రాశాడా, తనంతట రాశాడా అని తేల్చే కీలకం ఇక్కడే దొరికింది.

ఇంకొక అదృష్టం కూడా కలిసివచ్చింది. అక్కడ అనాసను అందరూ ఒకే నెలలో నాటరు. ఒకరి తోట కోతకు వచ్చేవేళకు ఇంకొకరు నాటడానికి సిద్ధమవుతారు. అందువల్ల మొదటివాడి ఫలితం తెలిసిన తరువాత రెండోవాడు ఏమి చేశాడో చూడవచ్చు. చూస్తే ఏమి తేలిందంటే, తాను సలహా అడిగే మనిషికి అనుకున్నదానికన్నా మంచి లాభం వస్తే, రైతు తన ఎరువును అతను వేసిన పాళ్లకు దగ్గరగా మార్చుకున్నాడు. అలా మార్చుకున్నవాళ్లలో కొత్తగా అనాసలోకి దిగినవాళ్లే ఎక్కువ. తాతలనాటినుంచి పండిస్తున్న మొక్కజొన్న, కర్రపెండలం విషయంలో మాత్రం ఎవరూ ఎవరిని చూసీ మారలేదు. వచ్చిన పాఠం మళ్లీ ఎవరు వల్లిస్తారు? ఈ పరిశోధన ఫలితాలు 2010లో అచ్చయ్యాయి.

మన దేశంలో కూడా ఇలాంటి తేడా ఒకటి కనిపించింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐ.ఆర్.8 అనే పొట్టి వరిని విడుదల చేసింది. మరుసటి ఏడే, 1967లో, పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి పేరు పొందారు. ఉత్తరాదిన అదే కాలంలో పొట్టి గోధుమలు వచ్చాయి. ఆనాటి లెక్కలను కైవన్ మున్షీ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 2004లో ప్రకటించారు. గోధుమ రైతులు ఇరుగుపొరుగుల అనుభవాన్ని బాగా అనుసరించారు. వరి రైతులు అంతగా అనుసరించక, తమ పొలంలోనే వేసి చూసుకున్నారు. కారణమేమంటే గోధుమ చేలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. వరి సంగతి అలా కాదు. ఒక మడిలో నీళ్లు నిలుస్తాయి, పక్క మడిలో నిలవవు. పక్కవాడి ఫలితం మనకు పనికివస్తుందన్న నమ్మకం లేదు. రైతు ఊరికే కాపీ కొట్టడు, తన పొలానికి సరిపోతుందా అని చూస్తాడు.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉన్నది. అందరూ పక్కవాడు ముందు వేస్తే చూద్దామనుకుంటే ముందు వేసేవాడెవడు? మొజాంబిక్ దేశంలో పొద్దుతిరుగుడు విత్తనాలు కొత్తగా వచ్చినప్పుడు జరిగినదిది. బంధుమిత్రుల్లో కొద్దిమంది వేసి ఉంటే రైతుకు ధైర్యం వచ్చింది. మరీ ఎక్కువమంది వేస్తుంటే, ‘వాళ్లెలాగూ వేస్తున్నారు కదా, ఫలితం చూసి మనం తరువాత వేద్దాం’ అని ఆగినట్టు కనిపించింది! ముందు దిగేవాడు నష్టమంతా తానొక్కడే మోస్తాడు, పాఠం మాత్రం ఊరందరిదీ అవుతుంది. అటువంటివాడికి ఊతం కావాలి.

మలావీ దేశంలో ఈ ఊతం ఇచ్చి చూశారు. ఆ దేశం ఆగ్నేయ ఆఫ్రికాలో ఉన్నది. అక్కడి రైతులు బోదెలు తోలి మొక్కజొన్న వేస్తారు. వానలు తగ్గిన చోట్ల యాకుబా గుంటల వంటివే తవ్వి, ఎరువు వేసి, విత్తమని ప్రభుత్వం చెప్పింది. ఎవరిచేత చెప్పిస్తే రైతులు వింటారు? మన ఊళ్లలో 1952 తరువాత తిరిగిన గ్రామసేవకుల వంటి ఉద్యోగిచేతనా? ఊళ్లో పలుకుబడి ఉన్న పెద్ద రైతుచేతనా? లేక నలుగురిలాంటి మామూలు రైతులచేతనా? కొన్ని ఊళ్లలో ఒక రకంగా, కొన్ని ఊళ్లలో ఇంకొక రకంగా చేసి చూశారు. పని బాగా జరిగితే చిన్న బహుమతి ఇస్తామని చెప్పిన ఊళ్లలో మామూలు రైతుల మాటే ఎక్కువగా పారింది. ‘పెద్ద రైతుకేం, ఎరువున్నది, పాలేళ్లున్నారు. వీడు నాలాంటివాడు. వీడికి పండితే నాకూ పండుతుంది’ అన్నమాట.

మరొక పరిశోధన అదే దేశంలో 200 ఊళ్లలో జరిగింది. ప్రతి ఊళ్లోను ఇద్దరు రైతులకు గుంటల సేద్యం నేర్పారు. కొన్ని ఊళ్లలో ఆ ఇద్దరినీ ఉద్యోగులు మామూలు పద్ధతిలో ఎంచారు. మరికొన్నింటిలో ఎవరు ఎవరితో మాట్లాడతారో ముందుగా అడిగి, పటం గీసి, ఆ పటాన్ని బట్టి ఎంచారు. పటం చూసి ఎంచిన ఊళ్లలో కొత్త పద్ధతి ఎక్కువగా పాకింది. ఇంకొక విశేషం కూడా తెలిసింది. చాలామంది రైతులకు ఒకరు చెబితే చాలదు. కనీసం ఇద్దరినుంచి వింటేగాని వాళ్లు చేతికి పార తీసుకోరు. కనుక నేర్చిన ఇద్దరినీ ఊరికి ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని ఉంచితే లాభం లేకపోవచ్చు. ఇద్దరికీ తెలిసినవాళ్లు కొందరుండాలి. ఈ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

పిల్లలూ, ఇటువంటి పటం మీరు కూడా గీయవచ్చు. ఒక పెద్ద కాగితం తీసుకుని మీ వీధిలోని ఇళ్లకు ఒక్కొక్క చుక్క పెట్టండి. పల్లెటూరివాళ్లయితే ప్రతి ఇంటికీ వెళ్లి, ‘పైరుకు తెగులు వస్తే ముందుగా ఎవరిని అడుగుతారు?’ అని మర్యాదగా అడగండి. పట్నంవాళ్లయితే, ‘ఇంట్లో ఎవరికన్నా జ్వరం వస్తే ఎవరిని సలహా అడుగుతారు?’ అనండి. జవాబును బట్టి ఒక చుక్కనుంచి ఇంకొక చుక్కకు గీత గీయండి. సాయంత్రం మీ అమ్మానాన్నలతో కూర్చుని ఆ పటం చూడండి. కొన్ని చుక్కలకు గీతలు గుంపుగా వచ్చి చేరుతాయి. అవి మీరు అనుకున్న పెద్ద ఇళ్లు కాకపోవచ్చు. ఏ గీతా చేరని చుక్క కూడా ఒకటి రెండు ఉంటాయి. కొత్త విత్తనం కానీ, మంచి కబురు కానీ ఆ ఇంటికి చేరాలంటే ఎవరు వెళ్లి చెప్పాలి? ముందు ఆ సంగతి ఆలోచించండి.