ఇల్లు సగమైతే చోటు కూడా సగమవుతుందా?

విద్యార్థులారా! మీ ఇంట్లో తాతగారో, నాన్నగారో త్వరలో ఉద్యోగ విరమణ చేయబోతున్నారా? అయితే ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది: "ఇక మిగిలేది ఇద్దరమే కదా, ఇంత ఇల్లెందుకు? చిన్న ఫ్లాటు చూసుకుంటే సరిపోదా?" ఈ ప్రశ్నకు జవాబు పెద్దవాళ్ళే చెప్పాలి. అయితే ఆ జవాబులో కొంత భాగం మీ గణిత, భౌతిక, రసాయన శాస్త్ర పుస్తకాల్లో ఉంది. ఒక కొలత టేపు, ఒక గ్రాఫు కాగితం ఉంటే ఆ భాగాన్ని మీరే తేల్చవచ్చు. ఈ పాఠంలో ఆ పని చేద్దాం.

ఖిదిర్‌పూర్‌లో ఒక తెలుగు ఇల్లు

కోల్‌కతా రేవును ఆనుకొని ఉన్న ప్రాంతం ఖిదిర్‌పూర్. దాని పక్కనే గార్డెన్ రీచ్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకు కూడా ఇదే ప్రధాన కార్యాలయం. హౌరా నుంచి వాల్తేరు దాకా రైలుమార్గం ఈ సంస్థ చేతిలో ఉండటం వల్ల శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఎందరో ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్‌కు, గార్డెన్ రీచ్‌కు వచ్చారు. 2003లో తూర్పు తీర రైల్వే పని ప్రారంభించే వరకు వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. అలా వచ్చిన కుటుంబాలు చాలావరకు రైల్వే క్వార్టర్లలో కాపురం ఉన్నాయి.

క్వార్టరు ఉద్యోగానికి సంబంధించినది, సొంత ఇల్లు కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 1998లో 58 నుంచి 60 ఏళ్ళకు పెరిగింది. విరమణ తరువాత నిబంధనల ప్రకారం ఇచ్చిన గడువులోగా క్వార్టరు ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్ళ సామాను కొద్ది నెలల్లో సర్దుకోవాలన్నమాట. కొందరు ఊరికి తిరిగి వెళతారు. పిల్లలు, ఆసుపత్రి, స్నేహితులు ఇక్కడే ఉన్నవారు ఖిదిర్‌పూర్‌లోనే ఒక చిన్న ఫ్లాటు వెతుక్కుంటారు.

అటువంటి తాతగారూ మామ్మగారూ ఉన్నారనుకుందాం. వారి క్వార్టరు లోపలి వైశాల్యం 720 చదరపు అడుగులు. కోల్‌కతాలో స్థలాన్ని 'కఠా'లలో కొలుస్తారు. ఒక కఠా అంటే సరిగ్గా 720 చదరపు అడుగులే. వారు చూసిన ఫ్లాటు లోపలి వైశాల్యం 360 చదరపు అడుగులు. అంటే సగం.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'సూపర్ బిల్టప్' అని చెప్పే అంకెలో మెట్లు, లిఫ్టు, నడవాల వంటి ఉమ్మడి చోటు కూడా కలిసి ఉంటుంది. మనకు కావలసింది 'కార్పెట్ ఏరియా', అంటే ఫ్లాటు లోపల వాడుకోగల నేల. 2016 నాటి స్థిరాస్తి చట్టం దీన్ని స్పష్టంగా నిర్వచించింది. బయటి గోడలు, బాల్కనీ ఇందులోకి రావు. మన లెక్కలన్నీ ఈ అంకెతోనే చేయాలి.

మొదటి లెక్క: నడిచే చోటు

క్వార్టరులో ఉన్న సామాను నేలపై ఎంత చోటు ఆక్రమిస్తోందో కొలుద్దాం. ఆరున్నర అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల డబుల్ మంచం 32.5 చదరపు అడుగులు తీసుకుంటుంది. అవి రెండు, 65. ఒక దివాన్, 18. సోఫా, కుర్చీలు కలిపి 30. భోజనాల బల్ల, దాని కుర్చీలు 25. రెండు ఇనప బీరువాలు 9. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పుస్తకాల అలమర తలా 4. ట్రంకుపెట్టెలు, కుట్టుమిషన్, పూజామందిరం, నీళ్ళ డ్రమ్ము వగైరా 21. మొత్తం 180 చదరపు అడుగులు.

720 లోంచి 180 తీసేస్తే 540 చదరపు అడుగులు ఖాళీ. ఇదే సామాను ఫ్లాటులోకి చేర్చితే 360 లోంచి 180 పోగా మిగిలేది 180. నేల సగమైంది కాని, మనుషులు తిరిగే చోటు మూడో వంతుకు పడిపోయింది!

కారణం తేలికే. ఇల్లు చిన్నదైనంత మాత్రాన మంచం చిన్నది కాదు. ఆరడుగుల మనిషి అయిదడుగులకు తగ్గడు. మారని రాశిని మారే రాశిలోంచి తీసివేసినప్పుడు శేషం మరింత వేగంగా తగ్గుతుంది. నెల జీతం సగమై, ఇంటి అద్దె మాత్రం తగ్గకపోతే చేతిలో మిగిలే డబ్బు ఏమవుతుందో ఆలోచించండి. ఇదీ అంతే.

ఈ 180 లో కూడా అంతా నడవడానికి పనికిరాదు. బీరువా తలుపు తెరవాలి, దాని ముందు మనిషి నిలబడాలి. అందుకు రెండున్నర అడుగులైనా విడిచిపెట్టాలి. అంటే నాలుగున్నర చదరపు అడుగుల బీరువా మరో ఏడున్నర చదరపు అడుగులను తన కోసం అట్టిపెట్టుకుంటుంది.

ఇరుకు ఎందుకు ప్రమాదం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రమాదవశాత్తూ సంభవించే మరణాలకు కారణాల్లో పడిపోవడం రెండవ స్థానంలో ఉంది. అలా మరణించే వారిలో అరవై దాటినవారే ఎక్కువ. దీనికి కంటి వయసు కూడా తోడవుతుంది. వయసుతో కనుపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. అరవయ్యేళ్ళ కంటిలో రెటీనాను చేరే కాంతి ఇరవయ్యేళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. రాత్రి మంచం దిగి స్నానాలగది వైపు వెళ్ళే తాతగారికి దారిలో ట్రంకుపెట్టె ఉందంటే, మీకు కనిపించినంత స్పష్టంగా ఆయనకు కనిపించదు. కాబట్టి ఆ దారి మూడడుగుల వెడల్పున పూర్తిగా ఖాళీగా ఉండాలి. రేపు చక్రాల కుర్చీ అవసరమైనా ఆ వెడల్పు పనికొస్తుంది. ఆ దారిలో ఒక చిన్న దీపం రాత్రంతా వెలగాలి.

గోడలు మనకు మిత్రులు

నేల సగమైతే గోడలు కూడా సగమవుతాయా? ఇంటిని ఒక చతురస్రంగా ఊహించండి. 720 చదరపు అడుగుల చతురస్రం భుజం సుమారు 26.8 అడుగులు, చుట్టుకొలత 107. 360 చదరపు అడుగులకు భుజం సుమారు 19, చుట్టుకొలత 76. గోడ తగ్గింది 29 శాతమే. అందుకే చిన్న ఇంట్లో నేలపై ఉండేవాటిని గోడ అలమరల్లోకి చేర్చడం తెలివైన పని. అయితే రోజూ వాడే వస్తువులు మోకాలికీ భుజానికీ మధ్య ఎత్తులోనే ఉండాలి. అటక మీద పచ్చడి జాడీ కోసం మామ్మగారు స్టూలు ఎక్కే పరిస్థితి రాకూడదు.

గాలిలో నీరు

పైకప్పు ఎత్తు 10 అడుగులైతే ఈ ఫ్లాటులో గాలి 3600 ఘనపు అడుగులు, సుమారు 100 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అంటే ఇల్లంతటికీ 3000 గ్రాములు. కోల్‌కతా వానాకాలంలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్న రోజున 2400 గ్రాములు అప్పటికే ఉంటాయి. ఇక మిగిలింది 600 గ్రాములకు మాత్రమే చోటు.

ఒక మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా రోజుకు సుమారు 750 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. ఇద్దరికి 1500. కిటికీలన్నీ మూసుకుంటే ఆ 600 గ్రాములు నిండడానికి పది గంటలు చాలు. క్వార్టరులోనైతే ఇరవై గంటలు పట్టేది. వంటగ్యాసు సంగతి కూడా చూడండి. 44 గ్రాముల ప్రొపేన్ మండితే 72 గ్రాముల నీరు పుడుతుంది. గ్యాసు బరువు కంటే నీటి బరువే ఎక్కువ, ఎందుకంటే అందులోని ఆక్సిజన్ గాలిలోంచి వచ్చి చేరింది. నిజానికి ఈ తేమలో కొంత గోడలు, బట్టలు, పుస్తకాలు పీల్చుకుంటాయి. బూజు పట్టేది అందుకే. కాబట్టి ఫ్లాటు చూడటానికి వెళ్ళినప్పుడు ఎదురెదురు గోడలకు కిటికీలున్నాయా, వంటగది గాలి బయటికి పోతుందా అని చూడండి. బీరువాను కిటికీకి అడ్డంగా పెట్టకండి. బయటి గోడకు ఆనించకుండా కొద్దిగా ఎడం ఉంచండి.

ఏది ఉంచాలి?

క్వార్టరులో నేలలో నాలుగో వంతు సామానుకు పోయింది. ఫ్లాటులోనూ అదే నిష్పత్తి కావాలంటే సామాను 90 చదరపు అడుగులకు మించకూడదు. ఒక డబుల్ మంచం, దివాన్, ఒక బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇద్దరికి సరిపడే బల్ల, రెండు కుర్చీలు, పూజామందిరం, పుస్తకాల అలమర కలిపితే సుమారు 91 వస్తుంది. లెక్క సరిపోయింది. కాని ఇందులో కుట్టుమిషన్ లేదు!

మామ్మగారు దానిపైనే పిల్లలందరికీ గౌన్లు కుట్టి ఉండవచ్చు. అది నాలుగున్నర చదరపు అడుగులు, పుస్తకాల అలమర నాలుగు. తాతగారు పుస్తకాలను గోడ మీదికి ఎక్కించడానికి ఒప్పుకుంటే కుట్టుమిషన్‌కు చోటు దొరుకుతుంది. ఎంత సామాను పడుతుందో గణితం చెబుతుంది. ఏ సామాను అనేది మాత్రం ఆ ఇంట్లో బతకబోయేవారే చెప్పాలి. హడావిడిలో పిల్లలు "ఇదెందుకు, పాతది" అని తీసి పారేసిన వస్తువు మళ్ళీ దొరకదు. అందుకే లెక్క ముందే చేయాలి. విరమణకు ఏడాది ముందు మొదలుపెడితే ఆలోచించుకోవడానికి వారికి సమయం ఉంటుంది.

మీరు చేసి చూడండి

1. ఒక అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున మీ ఇంటి పటాన్ని గ్రాఫు కాగితంపై గీయండి. సామానును అదే కొలతతో అట్టముక్కలుగా కత్తిరించి పటంపై అమర్చండి. తలుపులు తిరిగే చోటును గీతలతో చూపండి.

2. మీ ఇంటి నేలలో ఎన్నో వంతు ఖాళీగా ఉందో లెక్కించండి. ఇల్లు సగమైతే ఆ ఖాళీ ఎన్నో వంతుకు తగ్గుతుంది?

3. ఆ అట్టముక్కలను మీ తాతగారి చేతికి, మామ్మగారి చేతికి ఇవ్వండి. వారు ఏ ముక్కను మొదట పటంపై పెడతారో గమనించండి. ఎందుకో అడిగి రాసుకోండి.