గాలికీ ఓ వకీలు!

సెల్‌ఫోన్ మోగాలంటే టవర్ ఉండాలి. టవర్ పని చేయాలంటే తరంగం ఉండాలి. ఆ తరంగం ఎవరికివ్వాలి? ఎంతకివ్వాలి? ఏ షరతు మీద ఇవ్వాలి? ఢిల్లీలో మంత్రి సంతకం పెట్టే ముందు ఆ ఫైలు ప్రభుత్వ న్యాయవాది బల్ల మీదికి వెళ్తుంది. ఆయన రాసే నాలుగు మాటల మీద వేల కోట్ల రూపాయలు, కోట్లాది ఫోన్లు ఆధారపడి ఉంటాయి. సోలాపూర్‌ దాజీ పేట్‌లో మరమగ్గం పక్కన మోగే ఫోనుకూ ఆ నాలుగు మాటలతో సంబంధం ఉంది.

మూడు సర్కిళ్ల ముచ్చట

దాజీ పేట్ అంటేనే తెలుగు. వెంకటేశ్వరస్వామి గుడి చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా మగ్గాల చప్పుడులో తెలుగు మాట వినిపిస్తుంది. తాతముత్తాతల కాలంలో మిల్లు పనికి, మగ్గం పనికి తెలంగాణ పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలివి. మగవాళ్లు దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తారు. ఆడవాళ్లు గడపలో కూర్చుని బీడీలు చుడతారు. చుట్టరికాలు మాత్రం ఇప్పటికీ సరిహద్దు అవతల ఉన్నాయి. పెళ్లి సంబంధమైనా, చావు కబురైనా ఫోనులోనే.

ఆ ఫోను ఒకప్పుడు బరువే. సోలాపూర్ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే నల్‌దుర్గ్, ఉమర్గా దాటాక కర్ణాటక. హుమ్నాబాద్ దాటి జహీరాబాద్ చేరితే తెలుగు నేల. ఈ ఒక్క ప్రయాణంలో ఫోను మూడు టెలికం సర్కిళ్లు మారేది. సర్కిల్ మారితే రోమింగ్. అవతలివాళ్లు చేసిన కాల్ ఎత్తినా ఇవతల డబ్బులు కట్ అయ్యేవి. అందుకే చాలామంది జేబులో రెండు సిమ్ములు. ఒకటి మహారాష్ట్రది, ఇంకొకటి ఆంధ్రది. మిస్‌డ్ కాల్ ఇవ్వడం ఓ అలవాటైపోయింది. ఊరు మారితే నంబరు కూడా వదులుకోవాల్సిందే. 2011 జనవరిలో నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం దేశమంతా వచ్చినా అది ఒకే సర్కిల్ లోపలే. సర్కిల్ దాటినా నంబరు ఉంచుకునే వీలు 2015 జులై 3న వచ్చింది.

గాలికి ఉమర్గా దగ్గర గోడ ఏమీ లేదు. ఆ హద్దు ఉన్నది లైసెన్స్ కాగితంలో. దేశాన్ని 22 సర్కిళ్లుగా చూపించే ఆ కాగితాల ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలైనా టెలికం లెక్కలో నేటికీ ఒకటే సర్కిల్. అలాంటి కాగితంలో ప్రతి మాటనూ చట్టం తెలిసిన కళ్లతో చూసేవాళ్లే ప్రభుత్వ న్యాయవాదులు.

గాలి ఎవరి సొత్తు?

సోలాపూర్ ‘జూనీ మిల్’ 1877లో మొదలైంది. మన టెలికం వ్యవహారాలను నడిపిన టెలిగ్రాఫ్ చట్టం 1885 నాటిది. మిల్లు మూతపడి దశాబ్దాలైంది. చట్టం మాత్రం ఇటీవలి దాకా బతికే ఉంది. దానికి తోడు 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. ఇంట్లో రేడియో పెట్టుకున్నా పోస్టాఫీసులో లైసెన్స్ ఫీజు కట్టాల్సి రావడం పాతతరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. గాలిలోని తరంగం సర్కారుదేనన్నది తెల్లవాళ్ల నాటి ఆలోచన.

దాన్ని మార్చింది ఓ క్రికెట్ గొడవ! 1993లో హీరో కప్ మ్యాచ్‌ల ప్రసారంపై బెంగాల్ క్రికెట్ సంఘానికీ దూరదర్శన్‌కూ తగవు వచ్చింది. విదేశీ సంస్థ ద్వారా మ్యాచ్‌లు చూపిస్తామని సంఘం, అనుమతి లేదని కేంద్రం. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి, సర్కారుకైనా ప్రైవేటుకైనా గుత్తాధిపత్యం తగదు అన్నది దాని సారం. జస్టిస్ పి.బి.సావంత్, జస్టిస్ ఎస్.మోహన్‌లతో పాటు ఆ బెంచ్‌లో కూర్చున్న మూడో న్యాయమూర్తి జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి మన తెలుగువారే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగినవారు. ఆ కేసులో ఆయన విడిగా తీర్పు రాశారు. తర్వాత లా కమిషన్ అధ్యక్షుడిగానూ పనిచేశారు.

అంటే దాజీ పేట్ మీది గాలిలో అక్కడి నేతన్నకూ, బీడీ కార్మికురాలికీ వాటా ఉన్నట్టే. ఆ వాటా తరఫున ఫైలు చూసే బాధ్యత ప్రభుత్వ న్యాయవాదిది.

ఫైలు నడిచే దారి

మగ్గం మీద పడుగు పోగులు ఒకదానికొకటి చిక్కుపడితే బట్ట చెడినట్టే, ఇద్దరికి ఒకే తరంగం ఇస్తే ఇద్దరి మాటా చెడుతుంది. అందుకే 1952 నుంచి కేంద్రంలో ‘వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్’ విభాగం ఉంది. సైన్యం, పోలీసు, రైల్వే, రేడియో, సెల్ కంపెనీలు... ఎవరికి ఏ తరంగమో అక్కడే లెక్క. ధర, విధానంపై 1997లో ఏర్పడ్డ ట్రాయ్ సిఫారసు చేస్తుంది. నిర్ణయం మాత్రం టెలికం శాఖది. తగవు వస్తే 2000లో వచ్చిన టీడీశాట్ ట్రైబ్యునల్, ఆపైన సుప్రీంకోర్టు.

ఈ దారిలో ఎక్కడ చట్టం సందేహం వచ్చినా ఫైలు న్యాయశాఖకు వెళ్తుంది. అక్కడ ఇండియన్ లీగల్ సర్వీస్ అధికారులు ఉంటారు. టెలికం శాఖ అడిగిన ప్రశ్న చదవాలి. పాత తీర్పులు, లైసెన్స్ షరతులు, కేబినెట్ నిర్ణయాలు, జెనీవాలోని అంతర్జాతీయ టెలికం యూనియన్ నిబంధనలు తిరగేయాలి. ఇంజినీర్ చెప్పే మెగాహెర్ట్జ్ భాషను చట్టం భాషలోకి తేవాలి. చివరికి ‘చేయొచ్చు’, ‘చేయకూడదు’, ‘ఇలాగైతే చేయొచ్చు’ అని రాయాలి. పెద్ద వ్యవహారమైతే అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్ అభిప్రాయం కోరతారు.

ఇందులో ఓ చిక్కుంది. వకీలు జవాబు ఇచ్చేది అడిగిన ప్రశ్నకే. ఏం అడగాలో శాఖ ఇష్టం. జవాబు వచ్చాక దాన్ని పాటించడమూ శాఖ చేతిలోనే ఉంటుంది. సలహా సలహాయే... తీర్పు కాదు!

పక్కన పెట్టిన మాట

ఈ చిక్కు ఎంతదాకా పోతుందో 2007లో తేలింది. టూజీ లైసెన్సుల కోసం 2007 అక్టోబర్ 1 నాటికి 575 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఇన్నింటిని ఎలా తేల్చాలని టెలికం శాఖ అక్టోబర్ 26న న్యాయశాఖను అడిగింది. విషయం పెద్దది, సాధికార మంత్రుల బృందం ముందు పెట్టండని నవంబర్ 1న జవాబు వచ్చింది. ఆ మర్నాడే అప్పటి టెలికం మంత్రి ఎ.రాజా ప్రధానికి లేఖ రాశారు. న్యాయశాఖ సూచన ఇక్కడ వర్తించదన్నారు. మంత్రుల బృందం ముందుకు ఫైలు పోలేదు.

2008 జనవరి 7న అప్పటి సొలిసిటర్ జనరల్ గులాం వాహన్‌వతి, టెలికం శాఖ ఇవ్వబోయే పత్రికా ప్రకటన ముసాయిదా చూసి సబబుగానే ఉందని ఫైలులో రాశారు. జనవరి 10న ప్రకటన వెలువడింది. అందులో ముసాయిదాలోని ఓ భాగం లేదు. అదెప్పుడు, ఎవరికి తెలిసి తీసేశారన్నది తర్వాత కోర్టులో పెద్ద వాదమైంది. అటార్నీ జనరల్ హోదాలో ఉండగానే వాహన్‌వతి 2013లో సాక్షి బోనెక్కాల్సి వచ్చింది. ఫైలు మీద రెండు వాక్యాలు రాసిన న్యాయాధికారికి అవి ఎన్నేళ్లు వెంటాడతాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. ‘ముందు వచ్చినవాడికే ముందు’ పద్ధతిలో తప్పుందని తేల్చింది. న్యాయశాఖ సూచనను మంత్రి తోసిపుచ్చారని కూడా తీర్పులో రాసింది.

ధర లెక్క చూస్తే సామాన్యుడికీ అర్థమవుతుంది. 2008లో దేశమంతటికీ లైసెన్స్ ప్రవేశ రుసుము 1,658 కోట్లు. అదీ 2001 నాటి రేటు. 2010లో త్రీజీకి వేలం పెడితే ఒక్క మహారాష్ట్ర సర్కిల్‌లో 5 మెగాహెర్ట్జ్ ముక్క ధర 1,257 కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో 1,373 కోట్లు. త్రీజీ వేలం మొత్తం మీద ఖజానాకు వచ్చింది 67 వేల కోట్లకు పైనే. టూజీ, త్రీజీ ఒకటి కావు. అయినా గాలి ముక్క విలువేమిటో ఆ వేలం చూపించింది.

దెబ్బ తగిలింది కంపెనీలకే కాదు. చౌక కాల్ రేట్లతో వచ్చిన యూనినార్‌కు 22 సర్కిళ్లలోనూ లైసెన్సులు పోయాయి. 2012 నవంబర్ వేలంలో ఆరు సర్కిళ్లు తిరిగి కొనుక్కుంది. వాటిలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ ఉండటంతో సోలాపూర్, హైదరాబాద్ చుట్టాల యూనినార్ నంబర్లు బతికిపోయాయి. మిగతా చోట్ల దాని కస్టమర్లు వేరే కంపెనీ చూసుకోవాల్సి వచ్చింది. పైనెక్కడో పక్కన పెట్టిన ఒక సలహా ఖరీదు కింద రీచార్జ్ కూపన్ కొన్నవాళ్లు కూడా కట్టారు.

సోలాపూర్ బిడ్డ

ప్రభుత్వ వకీళ్లలో సలహా చెప్పేవాళ్లు ఒక రకం. కోర్టులో సర్కారు తరఫున వాదించేవాళ్లు రెండో రకం. నేరం జరిగిందంటే ప్రాసిక్యూషన్ నడిపేవాళ్లు మూడో రకం. టూజీ వ్యవహారంలో ముగ్గురికీ పని పడింది.

మూడో కుర్చీలో కూర్చున్నది సోలాపూర్‌లో పుట్టిన ఉదయ్ ఉమేశ్ లలిత్. ఆయన తాత సోలాపూర్‌లో వకీలు. సీబీఐ పెట్టిన టూజీ కేసులో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా 2011లో సుప్రీంకోర్టు ఆయన్నే నియమించింది. 2014 ఆగస్టులో ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 2022లో దేశ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. ఇక ఆ కేసులో 2017 డిసెంబర్ 21న ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ నిర్దోషులుగా విడుదల చేసింది. సీబీఐ అప్పీలుకు వెళ్లగా 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని విచారణకు స్వీకరించింది. విధానం తప్పని లైసెన్సులు రద్దు కావడం వేరు, మనిషి నేరం చేశాడని రుజువు కావడం వేరు. ఈ తేడా వకీళ్లకు ఎంత ముఖ్యమో పేపరు చదివేవాళ్లకూ అంతే ముఖ్యం.

రెండో కుర్చీ కూడా సుఖం కాదు. 2011 జులైలో టెలికం మంత్రికి సంబంధించిన ఓ పిటిషన్‌లో తనకు చెప్పకుండా బయటి న్యాయవాదిని పెట్టారని సొలిసిటర్ జనరల్ గోపాల్ సుబ్రమణియం పదవికి రాజీనామా చేశారు.

వేలమొక్కటే దారా?

రద్దు తీర్పు తర్వాత గనులు, భూములు, తరంగాలు అన్నింటికీ వేలమే దిక్కా అని రాష్ట్రపతి ద్వారా కేంద్రం సుప్రీంకోర్టును అడిగింది. 2012 సెప్టెంబర్ 27న అయిదుగురు జడ్జీల బెంచ్ అభిప్రాయం చెప్పింది. ప్రకృతి వనరులన్నింటికీ వేలం తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పలేదని, అయితే ఏ పద్ధతైనా న్యాయంగా, పక్షపాతం లేకుండా ఉండాలని దాని తాత్పర్యం.

2023 డిసెంబర్‌లో పార్లమెంటు కొత్త టెలికం చట్టం చేసింది. 1885, 1933 నాటి చట్టాల స్థానంలో తెచ్చిన చట్టమిది. తరంగాలు మామూలుగా వేలంలోనే ఇవ్వాలి. ఉపగ్రహ సేవలు, రక్షణ, విపత్తు సహాయం లాంటి కొన్నింటికి వేలం లేకుండా ఇవ్వొచ్చని మొదటి షెడ్యూల్‌లో జాబితా పెట్టారు. ఏది ఆ జాబితాలోకి వస్తుంది, ఎంత రుసుము, ఎవరికి లాభం... ఈ ప్రశ్నలతో ఫైళ్లు న్యాయశాఖ మెట్లు ఎక్కుతూనే ఉంటాయి.

మన పిల్లలకు దారి ఇదీ...

ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లిషు. దాజీ పేట్ పిల్లలకు మూడు భాషలు పుట్టుకతో వచ్చిన ఆస్తి. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో పని ఎక్కువగా ఇంగ్లిషులోనే నడుస్తుంది గనక దాని మీద పట్టు పెంచుకోవాలి.

- లా చదువు: సోలాపూర్‌లోనే దయానంద్ లా కాలేజీ ఉంది. మహారాష్ట్ర కాలేజీలకు ఎంహెచ్ సీఈటీ, తెలంగాణలో లాసెట్. హైదరాబాద్ నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్ రాయాలి.

- సలహా ఇచ్చే కొలువు: ఇండియన్ లీగల్ సర్వీస్ పోస్టులకు యూపీఎస్సీ ప్రకటనలు వస్తాయి. లా పట్టాతో పాటు కొన్నేళ్ల ప్రాక్టీసు గానీ న్యాయ రంగంలో అనుభవం గానీ అడుగుతారు. పట్టా చేతికి రాగానే వచ్చే ఉద్యోగం కాదు.

- వాదించే కొలువు: హైకోర్టులు, ట్రైబ్యునళ్లలో కేంద్రం తరఫున వాదించేందుకు న్యాయవాదులతో ప్యానెళ్లు ఉంటాయి. అటార్నీ జనరల్ పదవి రాజ్యాంగం 76వ అధికరణ కింద వస్తుంది. సుప్రీంకోర్టు జడ్జి కాగల అర్హత ఉండాలి.

- సైన్స్ వాళ్లకూ చోటుంది: ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చేసి మూడేళ్ల లా చదివితే తరంగాల ఫైళ్లు చదవడం తేలిక. టెలికం కేసుల్లో ఇంజినీర్ మాట అర్థమయ్యే వకీలుకు గిరాకీ.

చదువు మొదలుపెట్టే విద్యార్థి ముందుగా చదవాల్సినవి రెండు తీర్పులు: 1995 నాటి క్రికెట్ సంఘం కేసు, 2012 నాటి టూజీ కేసు. రెండూ సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.